కాపలా ఒకరిది, కాగితం ఇంకొకరిది

అనంతపురం పీఠభూమి మీది గుట్టలకు లోకంలో రెండు పేర్లున్నాయి. రైలు కిటికీలోంచి చూసేవారు వాటిని బోడికొండలంటారు. రెవెన్యూ దస్త్రాలు బంజరు అంటాయి. మొదటి మాట కంటికి కనిపించినంత మేరకైనా నిజం. రెండవది చూడకుండానే రాసిన మాట. కొండలను, కొండబాటలను కాచుకొనే స్వచ్ఛంద దళాల గురించి రాయాలని కూర్చుంటే, నా ఆలోచన పదే పదే ఈ రెండవ మాట దగ్గరికే వచ్చి ఆగుతున్నది.

మా వానల సంగతి మిత్రులకు తెలిసినదే. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే తమ బరువు దించుకొని వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు కోస్తాను తడిపి, ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. మామూలు సంవత్సరంలో సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులోనూ ఎక్కువ భాగం వేరుశనగ గింజ ఊరే వేళకు మొగం చాటేస్తుంది. ఇలాంటి చోట పొలం ఓడిపోయిన ఏడు మనిషిని నిలబెట్టేది గుట్ట. గొర్రెలకూ మేకలకూ మేత, ఇంటి కప్పుకు బోదగడ్డి, బుట్టకూ చాపకూ ఈతాకు, పొయ్యిలోకి పుల్లలు, పండుగకు సీతాఫలం అన్నీ అక్కడినుండి దిగవలసినవే. దస్త్రంలో బంజరు అని రాసిన గుమాస్తాగారు ఒక్క వేసవి ఆ ఊళ్ళో గొర్రెలు మేపుకొని బతికి ఉంటే ఏమి రాసి ఉండేవారో!

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలైనది. తొంభైల ఆరంభంలోనే ఆ సంస్థ ప్రోత్సాహంతో ముష్టికోవెల, కోగిర మొదలైన ఊళ్ళవారు తమ చుట్టూ ఉన్న ప్రభుత్వ గుట్టలను కాచుకోవడం ప్రారంభించారు. ఆ ప్రాంతానికే కల్పవల్లి అని పేరు. అప్పటి అనంతపురం జిల్లా. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా. విస్తీర్ణం ఏడు వేల ఎకరాలకు పైమాటే. అక్కడ నాటినది తక్కువ, కాచినది ఎక్కువ. నేలలో మిగిలి ఉన్న వేళ్ళూ మోళ్ళూ గొడ్డలి తప్పితే వాటంతటవే లేచాయి. గడ్డి నిలిచినది, వంకల వెంబడి ఈత పెరిగినది, తోడేలు తిరిగి వచ్చినది. (తోడేలు రావడం గొర్రెలకాపరికి శుభవార్త కాదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.)

కాపలా అనగానే మనకు కర్ర పట్టుకొని దొంగను తరిమే మనిషి కళ్ళముందు నిలుస్తాడు. ఇక్కడ దొంగ కన్నా పెద్ద శత్రువు నిప్పు. సంక్రాంతి దాటితే గడ్డి ఎండి, బీడీ ముక్క పడినా భగ్గుమంటుంది. పాతగడ్డి తగలబెడితే తొలి చినుకుకు లేతపచ్చిక వస్తుందని కాపరులలో ఒక నమ్మకం ఉన్నది. అది పూర్తిగా అబద్ధం కాదు కనుకనే ప్రమాదం. అందుచేత చలికాలం చివరనే గుట్టల మీద వెడల్పుగా గడ్డి కోసి, మంట దాటలేని ఖాళీ పట్టీలు తీస్తారు. వేసవి పొడుగునా కొందరు నియమిత కాపలాదారులు బాటల వెంట తిరుగుతారు. పొగ లేచినదంటే మాత్రం ఊరు ఊరంతా కదలాలి. గుట్టమీద మంటకు ఫైరింజను రాదు. పచ్చికొమ్మలు విరిచి, గాలి వాటం చూసుకొని, మంట అంచును బాది బాది ఆర్పవలసినదే. ఇందులో వీరత్వం కన్నా ఓపిక ఎక్కువ. ఎవరి మేకలు ఎటు పోవాలో, కట్టెలు ఎవరు ఎంత తెచ్చుకోవచ్చునో తెగని తగవులాడుకోవడం కూడా ఈ కాపలాలో భాగమే. నా దృష్టిలో పెద్దభాగం అదే. పొరుగూరి కాపరిని తరిమేస్తే రేపు అతడే అగ్గిపుల్ల గీస్తాడు. అతణ్ణి కూర్చోబెట్టి మాట్లాడితే పొగను ముందుగా చూసేదీ అతడే.

అమెరికాలో ఇలాంటిదే ఇంకొక రకం కాపలా ఉన్నది. అక్కడ కొండల్లో, ఎడారుల్లో జీపులూ మోటారుసైకిళ్ళూ తోలడం పెద్ద వినోదం. ప్రభుత్వ భూముల మీద ఈ బండ్ల తాకిడి భరించరానిదయి, 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఒక ఉత్తర్వు జారీ చేశాడు: ఎక్కడ తోలవచ్చునో, ఎక్కడ కూడదో గుర్తించి తీరాలని. 1977లో కార్టర్ దానిని మరింత బిగించి, నేలకు హాని జరుగుతుంటే ఆ బాటను వెంటనే మూసివేయమన్నాడు. అప్పటినుండి బండ్లవాళ్ళకు ఒక సంగతి బోధపడినది. ఒకడు బాట తప్పి వాలును చీలిస్తే బాట అందరికీ మూతపడుతుంది. కనుక తామే జట్లు కట్టి బాటలను దత్తత తీసుకొని, కోతపడ్డ చోట రాళ్ళు పేర్చి, దారి తప్పినవాడికి నచ్చజెప్పి పంపుతుంటారు. వారిది స్వార్థమే కదా అని కొందరు చప్పరిస్తారు. ముష్టికోవెల కాపరిది మాత్రం పరమార్థమా? బాటను వాడుకొనేవాడే బాటను కాస్తాడు. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. పైగా వాడుక లేనివాణ్ణి తెచ్చి కాపలా పెడితే వాడు నీడ చూసుకొని కూర్చుంటాడు.

తేడా ఎక్కడంటే, వారి బాట ప్రభుత్వ పటంలో గీత అయి ఉన్నది. దానికి ఒక హోదా ఉన్నది. దానిని మార్చాలంటే నోటీసు ఇవ్వాలి, నలుగురినీ అడగాలి. మనవాళ్ళ బాట పటంలో లేదు. మేకల కాళ్ళు వేసిన దారి, ఎద్దులబండి చక్రాలు రాతిమీద అరగదీసిన దారి ఏ కాగితంలోనూ కనిపించవు.

2010 తరువాత కల్పవల్లి గుట్టలమీదికి గాలిమరలు వచ్చాయి. గాలికరెంటు మీద నాకు కోపం లేదు. బొగ్గు కాల్చడం కన్నా అది నయమేనని ఒప్పుకొంటాను. కానీ మర ఒంటరిగా రాదు. దాని రెక్క లారీ కన్నా పొడుగు. దానిని నిలబెట్టే క్రేను ఏనుగులాంటిది. వాటికి మేకల దారి చాలదు. కాబట్టి కొండ శిఖరాల వెంబడి వెడల్పాటి రోడ్లు తొలిచారు. తొలిచిన మట్టి వాలు మీదికి జారి, గడ్డిని కప్పి, వంకల్లోకి దిగుతుంది. ఒకసారి అలాంటి రోడ్డు పడినదంటే ఇక కాపలాకు అర్థమే మారిపోతుంది. కాలినడకన మాత్రమే చేరగలిగిన చోటికి జీపు, కట్టెల ట్రాక్టరు, విహారానికి వచ్చిన మోటారుసైకిలు, ఏదయినా ఎక్కగలదు. ఇరవై ఏళ్ళు పచ్చికొమ్మలతో మంటలు ఆర్పినవారు యంత్రాల ముందు ఏమని నిలబడతారు? వారి చేతిలో కొమ్మ ఉన్నది, ఎదుటివారి చేతిలో అనుమతి పత్రం ఉన్నది. నేల బంజరు అని రాసి ఉన్నది కనుక ఆ పత్రం సులువుగానే దొరుకుతుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషనులో గాలివిద్యుత్తు లేనేలేదు కనుక ప్రజాభిప్రాయ సేకరణ అనే తంతు కూడా అక్కరలేకపోయినది. వ్యవహారం చివరకు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళినది.

న్యాయశాస్త్రం పూర్తిగా చేతులెత్తేసినదని కూడా అనలేము. అడవి అంటే నిఘంటువులో ఉన్న అర్థమే, యజమాని ఎవరైనా సరేనని 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఊరి ఉమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించమని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటికీ చెప్పినది. కానీ ఈ తీర్పులు గుట్టదాకా నడిచి రావు. తహసీలుదారు కచేరీలో అడంగలు తెరిచినప్పుడు అక్కడ కనబడే మాటే నడుస్తుంది.

స్వచ్ఛంద సేవను పొగడటం మనకు చాలా తేలిక, ఖర్చులేని పని కనుక. ఊరివాళ్ళు భేషుగ్గా కాచుకొంటున్నారని సభల్లో శాలువాలు కప్పుతాము. ఆ పొగడ్త నాకు ఈమధ్య కొంచెం అనుమానం పుట్టిస్తున్నది. కాపలా పని ఊరికి, నిర్ణయాధికారం కచేరీకి అన్న పంపకం దానిచాటున సుఖంగా సాగిపోతున్నది. 1992 నాటి వన సంరక్షణ సమితులకు, కనీసం అటవీశాఖ భూమిలోనైనా, దిగుబడిలో వాటా అని ఒక మాట ఇచ్చారు. రెవెన్యూ గుట్టను కాచేవారికి ఆ మాటయినా లేదు.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. పదేళ్ళకు మించి ఒక ఊరు కాచుకొన్న గుట్టకు దస్త్రంలో బంజరు అన్న పదం కొట్టివేసి, మేతభూమి అనో ఊరి అడవి అనో రాయాలి. బండిబాటలు, మేకల దారులు, వంకలు, ఏటేటా తీసే నిప్పుపట్టీలు గ్రామపటంలో గీయాలి. ఆ గీతలను చెరిపే ఏ రోడ్డయినా ముందుగా గ్రామసభ ముందుకు రావాలి. గాలిమర అయినా సరే, రేపు రాబోయే సౌరఫలకాలైనా సరే. ఆ పటం గీయడానికి కొలతలవారు కావాలి, గొలుసు కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, దారి చూపించడానికి గొర్రెలకాపరిని వెంటబెట్టుకొని పోవాలి.