చలికాలం గులాబీకి శత్రువు కాదు

కుత్బుల్లాపూర్ మండలంలోని గాజులరామారం మొదలుకొని మేడ్చల్, శామీర్‌పేటల దాకా పెరట్లోనూ డాబాల మీదా గులాబీలు పెంచేవారిలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. మార్గశిరంలో చలి ముదిరితే గులాబీ తట్టుకోలేదని, రాత్రిళ్లు దానిపై దుప్పటో ప్లాస్టిక్ పట్టానో కప్పాలని, ఎండలు వచ్చేదాకా దానికి కత్తెర తగలనివ్వకూడదని వారు భావిస్తారు. మొక్క మీది ప్రేమే ఈ నమ్మకానికి మూలం కావచ్చు. అయినా ఏడాదిలో గులాబీకి అన్నివిధాలా అనుకూలించే నెలలనే గండంగా చూపి, మొక్కను నిజంగా చంపే ఋతువును మరపింపజేస్తుంది కనుక దీన్ని ఖండించక తప్పదు.

చలి గులాబీని ఎక్కడ, ఎలా చంపుతుందో ముందుగా గ్రహించాలి. కొమ్మలో కణాల మధ్య ఉండే నీరు గడ్డకట్టినప్పుడు ఆ గడ్డలు కణాల లోపలి నీటిని కూడా బయటికి లాగేస్తాయి, దానితో కణం ఎండి చస్తుంది. కాడకు ఒక్కటే పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలకు ఈ ముప్పు సాధారణంగా సున్నాకు పది డిగ్రీల దిగువ ప్రాంతంలో తీవ్రమవుతుంది. అమెరికాలోని మినెసోటా వంటి చోట్ల శీతాకాలపు రాత్రులు మైనస్ 20 డిగ్రీలు కూడా దాటిపోతాయి కాబట్టి అక్కడివారు శరదృతువులోనే వేర్లను ఒక పక్క వదులు చేసి, మొక్కను కందకంలోకి వాల్చి, మట్టీ ఎండుటాకులూ కప్పి, మళ్లీ ఏప్రిల్‌లో పైకి తీస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ పద్ధతి అవసరమే. అదే సలహా దక్కన్ పీఠభూమికి వచ్చేసరికి మాత్రం అర్థం లేనిదవుతుంది.

హైదరాబాదులో జనవరి రాత్రుల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున సుమారు 15 డిగ్రీలు. 1946 జనవరి 8న నమోదైన నగర చరిత్రలోని అత్యల్పం కూడా 6.1 డిగ్రీలే. ఖాళీ జాగాలు, చెరువులు ఉన్న ఉత్తర శివార్లలో నగరం నడిబొడ్డుకంటే చలి ఎక్కువన్నది నిజమే గాని, అక్కడ కూడా కొమ్మలో నీరు గడ్డకట్టదు. హైదరాబాదులో పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుసేన్ పేరిట 1967లో చండీగఢ్‌లో వెలసిన గులాబీ తోట ఇంతకంటే గట్టి సాక్ష్యం చెబుతుంది. జనవరిలో ఇక్కడికంటే ఎంతో ఎక్కువ చలి ఉండే ఆ ఊళ్లో గులాబీల పండుగ జరిపేది ఫిబ్రవరిలోనే. చలి గులాబీకి గిట్టనిదే అయితే ఆ పండుగకు పూలే ఉండవు.

అయినా ఈ నమ్మకం నిలబడి ఉండటానికి కారణం, కంటికి కనిపించే కొన్ని లక్షణాలను తప్పుగా చదవడమే. డిసెంబరులో వచ్చే లేత చిగురు ముదురు ఎరుపులో ఉంటే చలికి కమిలిందనుకుంటారు, కాని అది చాలా రకాల గులాబీలకు సహజమైన చిగురు రంగు, ఆకు ముదిరేకొద్దీ అదే పచ్చబడుతుంది. మొగ్గ మెడ మీదా లేత ఆకుల మీదా తెల్లని పొడి కనిపించి ఆకు ముడుచుకుపోతే మంచు దెబ్బ అంటారు. బొటనవేలితో రుద్దితే వేలికి అంటుకునే ఆ పొడి బూడిద తెగులు, అంటే ఆకుపై పెరిగే శిలీంద్రం. పగలు వెచ్చగా పొడిగా, రాత్రి చల్లగా తేమగా ఉండే రోజుల్లో అది విజృంభిస్తుంది. దానికి మందు దుప్పటి కాదు, లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి చల్లే నీటిలో కరిగే గంధకం. పట్టా కప్పడం వల్ల జరిగే కీడు ఇంకా పెద్దది. గాలి ఆడక ఆకుల మీద తేమ ఆరకుండా ఏడెనిమిది గంటలు నిలిచిందంటే, ఆకులను పండించి రాల్చే నల్లమచ్చ తెగులు మొలకెత్తడానికి అది చాలు. మొక్కను కాపాడాలని కప్పినవారే తెగులుకు పందిరి వేసినవారవుతారు.

కత్తిరింపును ఎండలదాకా వాయిదా వేయడం మరో పొరపాటు. వానలు వెనుకపట్టాక, అక్టోబరులో, ఎండిన కొమ్మలను తీసేసి, బలమైన కొమ్మలను బయటివైపు చూసే కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోసి, కోసిన చోట మైలతుత్తం, సున్నంతో చేసిన బోర్డో పేస్టు పూస్తే, సుమారు నెలన్నర నుంచి రెండు నెలల్లో, సరిగ్గా చలి నడుమ, పువ్వు విచ్చుకుంటుంది. చల్లని రాత్రుల్లో మొగ్గ నెమ్మదిగా విరుస్తుంది కాబట్టి పువ్వు పెద్దదవుతుంది, రంగు చిక్కబడుతుంది. ఫిబ్రవరి చివర కత్తిరిస్తే మాత్రం ఆ లేత చిగురంతా తిన్నగా ఏప్రిల్ ఎండకు బలవుతుంది.

చలికాలంలో ఈ ప్రాంతపు గులాబీకి ఉన్న అసలు కొరత వెలుతురు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇక్కడ దక్షిణపు ఆకాశంలో 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు కనుక 30 అడుగుల ఇల్లు ఉత్తరంగా 26 అడుగుల నీడ పరుస్తుంది. గాజులరామారంలోలా ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉన్న గల్లీలలో, వేసవిలో ఎండ తగిలిన కుండీకి డిసెంబరులో గంటసేపు కూడా ఎండ దక్కకపోవచ్చు. రోజుకు ఆరు గంటల ఎండ కావలసిన మొక్క అలాంటి చోట బక్కచిక్కితే, నింద మాత్రం చలి మీద పడుతుంది. చలికి నీళ్లు తగ్గించాలనే పాత సలహాలో మాత్రం కొంత నిజముంది: చలికాలంలో మట్టి నెమ్మదిగా ఆరుతుంది గనుక తక్కువసార్లు, పొద్దుటి పూట, ఆకులు తడవకుండా మొదట్లో పోయాలి.

గులాబీని ఇక్కడ నిజంగా చంపేది వేసవి. పాదరసం 40 దాటే రోజుల్లో డాబా మీది నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి కాగి వేర్లు మాడిపోతాయి, ఎర్రనల్లి ఆకుల అడుగున చేరి రసం పీలుస్తుంది, పువ్వు బొత్తాం అంత అయిపోతుంది. అందుకే ఈ పీఠభూమి మీద గులాబీల పాలీహౌసులకు కిటికీలూ నీటి తుంపరలూ అమర్చుకుంటారు, వేడి పుట్టించే యంత్రాలు కాదు.

కనుక ఈ శివార్ల గులాబీ ప్రియులు పట్టాలు మడిచి లోపల పెట్టి, కుండీలను దక్షిణపు ఎండ తగిలే చోటికి జరపాలి. మొక్కను కప్పడానికి పడే శ్రమను, పెట్టే డబ్బును ఏప్రిల్‌లో వేయవలసిన షేడ్‌నెట్ కోసం దాచుకోవాలి.