పాత క్యాలెండరు వెనకవైపు

డిసెంబరు చివరి వారంలో మా సంఘం ఆఫీసు గోడమీద మేకు కోసం పోటీ మొదలవుతుంది. ఒకరు ఒక నాయకుడి బొమ్మ ఉన్న క్యాలెండరు తెస్తారు, ఇంకొకరు ఇంకో నాయకుడిది తెస్తారు. ఏ పార్టీదైనా బొమ్మలో చిరునవ్వు ఒకటే, చేతులు జోడించిన తీరూ ఒకటే. ఆ బొమ్మ చూసి మా వాళ్ళలో ఎవరో ఒకరు "ఈ యేడైనా ఈ బాబు మనకేదైనా సేస్తాడేటో" అంటారు. ఆ మాట విని నవ్వే అర్హత నాకు లేదు. నేనూ ఒకప్పుడు అలాంటి బొమ్మ ముందు నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నదాన్నే.

1994 డిసెంబరు సంగతి చెబుతాను. అప్పట్లో నేను రాజాం దగ్గర ఒక పల్లెలో రాత్రి బడి నడిపేదాన్ని. రాజాం అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. గోగునార తీసీ, వరి కోసీ అలసిపోయి వచ్చే ఆడవాళ్ళు లాంతరు చుట్టూ కూర్చుని తమ పేరు తాము రాసుకోవడం నేర్చుకునేవారు. మా చదువులో సగం సారా గురించే సాగేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కథ చదివి మా వాళ్ళూ కదిలారు. కొట్టు ముందు కూర్చున్నారు, కుండలు పగలగొట్టారు, మొగుళ్ళ చేత దెబ్బలూ తిన్నారు. ఇలాంటి పోరాటాలు ఎన్నో ఊళ్ళలో జరిగాక 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. సారా పోయినా బ్రాందీ కొట్లు మిగిలాయి.

తరువాతి ఎన్నికల్లో ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని మాట ఇచ్చారు. డిసెంబరు 12న ప్రమాణస్వీకారం చేసి ఆ వేదిక మీదే దానికి సంతకం పెట్టారు. ఆ వార్త మా పల్లెకి రేడియోలో వచ్చింది. మర్నాడు రాత్రి బడికి ఒక పెద్దమ్మ పసుపు కుంకుమా తెచ్చింది. గోడమీద అన్నగారి బొమ్మకి బొట్టుపెట్టి, "ఏటమ్మా, సంతకం పెట్టీసినాడట. ఇంక మా ఇంటికాడ రేత్రులు నిద్దర పడతాదేటి?" అంది. అందరం ఏడ్చాం. ఆ యేడాది ఆఖరి రోజున నేను మా కార్యక్రమం రిపోర్టు రాస్తూ 'అన్నగారు మన ఆడపడుచులకు ఇచ్చిన వరం' అని ముగించాను. బాగా రాశాననే అనుకున్నాను.

ఆ వాక్యమే నా తప్పు. అది తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. కొన్నాళ్ళు మా పల్లె నిజంగానే నిద్రపోయింది. కూలి డబ్బు ఇంటికి రావడం, పిల్లలకి పలకలు కొనడం నా కళ్ళతో చూశాను. తరవాత సరిహద్దు అవతలి ఒరిస్సా నుంచి సరుకు దొంగచాటుగా రావడం మొదలైంది. అదే యేడు సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు చనిపోయారు. మా పల్లెలో ఆ రోజు చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. 1997లో ప్రభుత్వం ఆదాయం పోతోందనీ, దొంగసారా ఆపలేకపోతున్నామనీ చెప్పి నిషేధం ఎత్తేసింది.

మళ్ళీ కొట్టు తెరిచిన నాడు నేను పరుగున వెళ్ళి ఆడవాళ్ళని పోగుచేయబోయాను. 1992లో కుండలు పగలగొట్టిన వాళ్ళే వాళ్ళంతా. ఎవరూ లేవలేదు. బొమ్మకి బొట్టుపెట్టిన పెద్దమ్మే అంది: "ఇచ్చినోడే పోనాడు. ఇంకెవుల్నడుగుతావమ్మా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. వరం అన్న మాట నేర్పింది నేనే కదా! వరం ఇచ్చినవాడు పోతే వరమూ పోతుంది. హక్కు అలా పోదు. ఎవరు కుర్చీలో ఉన్నా దాన్ని అడగొచ్చు. ఆలోచించి చూస్తే సారా నిషేధం మీద సంతకం పెట్టింది ఒక పార్టీ ముఖ్యమంత్రి, సంపూర్ణ నిషేధం మీద పెట్టింది ఇంకో పార్టీ ముఖ్యమంత్రి. పార్టీలు మారినా రెండు సంతకాల వెనకా ఉన్నది ఆ ఆడవాళ్ళే. మొదటాయన బొమ్మ మా పల్లెలో ఎవరూ గోడకి పెట్టుకోలేదు. రెండో ఆయన బొమ్మ పెట్టుకుని, కుండలు పగలగొట్టిన చేతుల్ని మేమే మరిచిపోయాం.

ఆ మరుపు అక్కడితో ఆగలేదు. 2014 జూన్ 8న చంద్రబాబునాయుడు తొలి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. 2019 ఎన్నికల ముందు జగన్మోహన్ రెడ్డి దశలవారీగా మద్యం మాన్పిస్తామన్నారు. ఆ యేడు అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. దుకాణాల సంఖ్య తగ్గింది, ధరలు పెరిగాయి, నిషేధం మాత్రం రాలేదు. 2024 అక్టోబరులో కొత్త ప్రభుత్వం లాటరీ తీసి 3,396 ప్రైవేటు దుకాణాలకు అనుమతి ఇచ్చింది. 99 రూపాయలకే క్వార్టరు సీసా అని గొప్పగా చెప్పుకున్నారు కూడా. ముప్ఫయ్యేళ్ళలో మూడుసార్లు మనం సంతకాన్నో మాటనో చూసి కరిగిపోయాం. మూడుసార్లూ కొట్టు తిరిగి మన వీధిలోకే వచ్చింది.

మన ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. రాష్ట్రమంతా నడిచే నాయకులు చివరికి మన ఇచ్ఛాపురం వచ్చి ఆగుతారు. 2003లో రాజశేఖరరెడ్డి చేవెళ్ళ నుంచి, 2013లో షర్మిల, 2019 జనవరి 9న జగన్ ఇడుపులపాయ నుంచి నడిచి అక్కడే ముగించారు. 2018 డిసెంబరులో జగన్ యాత్ర మన జిల్లాలో సాగుతున్నప్పుడు నేను రోడ్డు పక్కన జనంలో నిలబడ్డాను. అప్పటికి తిత్లీ తుఫాను వచ్చి రెండు నెలలు దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఇంకా పడే ఉన్నాయి. మొగుడు కిడ్నీ జబ్బుతో పోయిన ఒకామె నాయకుడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆమె కన్నీళ్ళు బూటకమని ఎవరూ అనలేరు. ఏడాదంతా ఏ ఆఫీసులోనూ తన మాట వినని మనిషికి, రోడ్డు మీద ఒకడు ఆగి విన్నాడంటే అదే పెద్ద సంగతి. ఆ ఆశని వెక్కిరించే హక్కు చదువుకున్న మనకి లేదు.

అయితే కిడ్నీ సంగతిలో ఒక తేడా గమనించండి. ఉద్దానం జనం ఒక్క నాయకుడి దగ్గర ఆగిపోలేదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ వచ్చినప్పుడూ అడిగారు, పాదయాత్రలు వచ్చినప్పుడూ అడిగారు. మంచినీళ్ళు కావాలి, డయాలసిస్ దగ్గర్లో కావాలి, ఆస్పత్రి కావాలి అంటూ ప్రతి వచ్చినవాడి ముందూ అవే మాటలు పెట్టారు. 2019 సెప్టెంబరులో పలాసలో శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబరు 14న 200 పడకల ఆస్పత్రీ, పరిశోధన కేంద్రమూ, ఉద్దానం మంచినీటి పథకమూ ప్రారంభమయ్యాయి. ఇది ఏ ఒక్కరి దయవల్లో వచ్చిందని నేననుకోను. అడగడం ఆపకపోవడం వల్ల వచ్చింది. డాక్టర్లు సరిపడా ఉన్నారా, కుళాయిలో నీళ్ళు రోజూ వస్తున్నాయా అని అడగడం ఇకముందూ ఆపకూడదు.

అలాగని పెద్దమనుషుల్ని చూసి పొంగిపోవడమే తప్పంటానా? అనను. 2000 సెప్టెంబరు 19న ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. ఆ రోజు నేను పొంగిపోయాను, ఇప్పటికీ పొంగిపోతాను. ఆమె మనకి ఏదో ఇస్తానని అనలేదు. ఆడపిల్ల ఎంత బరువు ఎత్తగలదో చూపించింది. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీ రైతుల పోరాటంలో పోలీసు తూటాలకి ప్రాణమిచ్చిన గుడారి రాజమణిపురం వీరగున్నమ్మనీ అందుకే తలుచుకుంటాను. మన చేతుల బలాన్ని మనకి గుర్తుచేసేవాళ్ళని ఎంత ప్రేమించినా నష్టం లేదు. మన చేతులు ముడుచుకుని కూర్చోబెట్టే ప్రేమతోనే చిక్కు.

1997 తరవాత చాలాకాలం నేను నాయకుల బొమ్మ గోడకి పెట్టనివ్వలేదు. దానివల్ల మా ఆడవాళ్ళకి నా మీద కోపం వచ్చిందే తప్ప లాభం కలగలేదు. 2018 డిసెంబరులో మా సంఘంలో ఒక చిన్నమ్మాయి వేరే ఉపాయం చెప్పింది. "బొమ్మ ఉండనీ పిన్నీ, ఎనకవైపు తెల్లగా ఉంది కదా" అంది. అప్పటినుంచి యేడాది ఆఖర్న పాత క్యాలెండరు దించి, వెనకవైపు మూడు గళ్ళు గీస్తున్నాం. ఏ తేదీన ఎవరు ఏమన్నారు, ఏది వచ్చింది, దానికోసం మనలో ఎవరెవరు తిరిగారు. మూడో గడి నింపేటప్పుడు మా వాళ్ళ ముఖాలు చూడాలి! తమ పేర్లు తామే రాసుకుంటారు.

2024లో ఓట్లడగడానికి వచ్చిన ప్రతి పార్టీవాళ్ళకీ ఆ కాగితాలు చదివి వినిపించాం. కొందరు నవ్వారు, కొందరు చిరాకుపడ్డారు. మద్యం ఆగలేదు. బడి దారిలో పెట్టబోయిన దుకాణం మాత్రం వేరేచోటికి పోయింది. చిన్న గెలుపే, కానీ దాన్ని మా వాళ్ళెవరూ వరం అనలేదు. "మనం మార్పించినాం" అన్నారు.

ఆ పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు ఇవ్వడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఈ యేడాది చివర్న మీ ఇళ్ళలో, మీ ఆఫీసుల్లో ఏ నాయకుడి బొమ్మ తగిలించుకున్నా తగిలించుకోండి. కళ్ళు చెమర్చితే చెమర్చనివ్వండి. పాత క్యాలెండరు మాత్రం చిత్తుకాగితాల వాడికి వెయ్యకండి. తిప్పి, వెనకవైపు రాయండి.