దళము మారినంతనే బ్రతుకు మారునా?

సైన్యమున నొక శాఖనుండి మరియొక శాఖకు మారుట వింత కాదు. కాల్బలమునందలి సిపాయి సాంకేతిక శాఖకు పోవచ్చును. పోలీసు కానిస్టేబులు డెప్యుటేషనుపై గ్రేహౌండ్సున చేరి, గడువు తీరినపిమ్మట తన ఠాణాకు తిరిగి రావచ్చును. ఆ మార్పునకు దరఖాస్తు గలదు, శిక్షణ గలదు, పింఛను గలదు. అన్నిటికంటె మిన్నగా మరలి వచ్చుటకు త్రోవ గలదు. భద్రాచలమునకు ఉత్తరమున నున్న అడవులలో ఇరువదేండ్లకు పైగా సాగిన దళముల మార్పిడియం దీ కడపటిదియే కానరాదు.

2005 జూన్ మాసమున దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుం పుట్టినది. కోయ, దొర్ల, మురియా యువకులను స్పెషల్ పోలీసు ఆఫీసరులను పేరిట చేర్చుకొని తుపాకు లిచ్చిరి. అయిదవ తరగతి చదువు, రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయల భృతి: ఇంతమాత్రముతో వారిని యుద్ధమున ముందు నిలిపిరి. మన తెలుగువాడగు మాజీ ఉన్నతాధికారి ఇ.ఎ.ఎస్. శర్మగారును, నందినీ సుందర్, రామచంద్ర గుహగార్లును సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2011 జులై 5వ తేదీన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ గార్లు ఈ నియామకములు రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధములని తీర్పు చెప్పి, వారిని నక్సలైట్లపై పోరున వినియోగింపరాదని శాసించిరి.

పిమ్మట జరిగిన దేమి? ఆ సంవత్సరముననే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము సహాయక సాయుధ పోలీసు దళమునకు చట్టము చేసి, ఆ యువకులనే అందు చేర్చుకొనెను. పేరు మారినది, జీతము పెరిగినది. అడవి మారలేదు, పని మారలేదు. చట్టము చేయుట కోర్టు ధిక్కార మనిపించుకొనదని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చినది. ధిక్కారము కాకపోవచ్చును. కాని ధిక్కారము కానిదెల్ల ధర్మ మగునా?

తరువాత డిస్ట్రిక్ట్ రిజర్వు గార్డు ప్రబలినది. స్థానిక యువకులును, లొంగిపోయిన మావోయిస్టులును అందలి బలము. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ చెంత మందుపాతర ప్రేలి పదిమంది జవానులును, వాహనచోదకుడును మడిసిరి. 2025 జనవరి 6న బీజాపూరు జిల్లాలో మరల ఎనిమిదిమంది జవానులు, ఒక చోదకుడు. ఆ ఎనమండుగురిలో అయిదుగురు పూర్వము మావోయిస్టులై యుండి లొంగిపోయినవారని పోలీసు అధికారులే వెల్లడించిరి. ఆయుధము విడిచితి ననుకొన్నవాని చేత మరియొక ఆయుధము పెట్టి, విడిచివచ్చిన యడవికే పంపుట పునరావాస మనబడునా?

1922–24 నడుమ అల్లూరి సీతారామరాజును పట్టుటకు ఆంగ్లప్రభుత్వము మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును దూరదేశములనుండి రప్పించెను. వారికి మన్యపు జాడలు తెలియవు. నేటి ప్రభుత్వము లా పాఠమును బాగుగ నేర్చినవి: జాడ తెలిసిన బిడ్డనే ముందు నడిపించుచున్నవి. కాని జాడ చూపినవాడు ఆ జాడవెంట తన యూరికి మరలి పోజాలడు. అవతలి పక్షమును నిర్దోషి కాదు. 2007 మార్చి 15న రాణిబోడ్లి శిబిరముపై మావోయిస్టులు దాడిచేసి 55 మందిని చంపిరి. అందు పెక్కుమంది ఈ స్పెషల్ పోలీసులే. పేదల పేరిట పట్టిన తుపాకియు పేదబిడ్డనే కూల్చినది.

“వారు స్వచ్ఛందముగ చేరుచున్నారు గదా” యనువారు కలరు. రెండు తుపాకులను కాదని పారివచ్చిన గుత్తికోయల గతి చూడుడు. ఖమ్మము అడవులకు వలసవచ్చినవారికి పోడుభూమికై అటవీశాఖతో తగాదాయే మిగిలినది. కులధ్రువపత్రమునకు సైతము దిక్కులేని కుటుంబము లెన్నియో. తుపాకికి జీతము, నాగలికి శూన్యము అయినచోట స్వేచ్ఛ యనుమాట కర్థ మేమి? రెండవ తలుపు తెరచియున్నప్పుడే మొదటి తలుపున ప్రవేశించుట ఇచ్ఛ యగును.

“యూనిఫారము విప్పినచో వానిని చంపుదురు, అదియే వానికి కవచము” అని మరికొంద రందురు. ఆ భయము నిజమైనదే. అట్లయిన కవచము కావలసినది ప్రాణమునకు గాని పోరునకు కాదు. 2025 అక్టోబరున మల్లోజుల వేణుగోపాల్ వంటి అగ్రనాయకుడే గడ్చిరోలిలో అనుచరులతో ఆయుధములు విడిచెను. నాయకునికి విశ్రాంతియు, కోయబిడ్డకు కొత్త తుపాకియు నగుట న్యాయము కాదు.

కావున మేము కోరున దిది. లొంగిపోయినవారిని తమ జిల్లా అడవులలో పోరునకు పంపరాదు. ఈ దళములందున్న ప్రతివానికిని జీతమునకు, సర్వీసునకు నష్టము లేకుండ ఆశ్రమపాఠశాలకో, ఆరోగ్యశాఖకో, రహదారుల శాఖకో, క్షేమమగు చోటికి మారు హక్కు నీయవలెను. గోదావరి కీవల నున్న గుత్తికోయల భూమి, ధ్రువపత్రముల విషయమును తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వములు కలిసి కూర్చుండి తేల్చవలెను.

ఒక సాయుధ శాఖనుండి మరియొక సాయుధ శాఖకు మార్చుట ఏ ప్రభుత్వమునకైన సులభము. సాయుధ జీవితమునుండి పౌరజీవితమునకు మార్చుటయే స్వరాజ్యము చేయవలసిన పని.