రంగులు పూయడమేనా?

సంపాదకుల వారికి,

'వండర్ బాయ్: ది డ్రాగన్స్ ట్రాప్' 2017 రీమేక్ పాత ఆటకు రంగులు పూయడమేనన్న మీ సమీక్షకుల మాటతో ఏకీభవించలేను. 1989 నాటి సెగా ఆట పాస్‌వర్డ్‌లు ఇందులోనూ పనిచేస్తాయి. ఆట మధ్యలో ఒక్క బటన్ నొక్కితే చేత్తో గీసిన బొమ్మలు పోయి పాత పిక్సెళ్లు ప్రత్యక్షమవుతాయి. లోపలి లెక్కలు చెక్కుచెదరకుండా ఉంచారు కాబట్టే ఇది సాధ్యమైంది, అది చిన్న పనేం కాదు. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరిపడటం నేటి ఆటగాళ్లకు చిరాకే, కాదనను. కానీ అలాంటివన్నీ సరిదిద్దుతూ పోతే హీరోను జంతురూపాల్లోకి మార్చే శాపానికి అర్థమేముంది? బల్లిమనిషి నిప్పు ఊదుతాడు, డాలు మాత్రం పట్టలేడు. ఎలుకమనిషి కత్తి ఎక్కువ దూరం చేరదు, అయితేనేం, గళ్ల గోడల మీద, కప్పు మీద కూడా నడిచేస్తాడు. ఈ లోటుపాట్ల మీదే కథంతా నడుస్తుంది. సులువు కోరేవారికి రీమేక్‌లో ఈజీ స్థాయి ఎలాగూ ఉంది.

— ఒక పాఠకుడు