ఎనిమిదిలో ఆపితే పది దాకా రారు

పిల్లల్ని ఫెయిల్ చేస్తేనే బుద్ధిగా చదువుతారట. వర్నిలో చాయ్ హోటల్ కాడ ఇదే మాట, బోధన్‌లో నలుగురు పంతుళ్లు కలిసినా ఇదే మాట: ‘ఎనిమిది దాకా ఊరికే నూకి పిల్లల్ని కరాబు చేసిండ్రు.’ చదవడం రాని పిల్లను తొమ్మిదిలోకి నూకడం తప్పే, కాదనను. కానీ ఆ పిల్లను అదే బెంచీ మీద ఇంకో ఏడాది కూర్చోబెడితే చదువొస్తుందనడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ పిల్ల కూర్చోదు, బడి మానేస్తుంది.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దంది. 2019లో దాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పినవాళ్లకు రెండు నెలల్లో మళ్లీ పెట్టి, అదీ తప్పితే ఆపే వీలు ప్రభుత్వాలకు ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో ఆపేలా నిబంధనలు మార్చింది. ఇదే పద్ధతి మన సర్కారు బడుల్లోనూ తెమ్మంటున్నవాళ్లు ఒక్కసారి ఆ బడుల పిల్లల ఇళ్లకు పోయి చూడాలి.

సాయంత్రం బడి నుంచి రాగానే ఒళ్లో చేట. చేటలో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు. అమ్మ ఆకు కత్తిరిస్తుంటే బిడ్డ చుట్టి దారం కడుతుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఎనిమిది తప్పిందన్న కబురు ఆ ఇంటికొస్తే అమ్మ ఏమంటది? ‘సదువు నీతోని కాదు తియ్ బిడ్డా, ఇగ ఆకుకు కూసో.’ ఆ తల్లిని తప్పుపట్టను. నీ బిడ్డకు చదువు రాదని ఆమెకు చెప్పింది బడే. మగపిల్లాడైతే రైస్‌మిల్లో, ట్రాక్టరో. మీసాలొచ్చే ఈడులో తమ్ముడి దోస్తుల మధ్య ఎవడు కూర్చుంటాడు?

పైగా ఎనిమిదిలో ఒక ఏడాది ఆగేసరికి 14 నిండుతాయి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం, 14 దాటినవాళ్లను ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవడం నేరం కాదు. బడి వద్దన్న ఏడాదే కూలిపని రమ్మంటుంది.

షికాగోలో ఇది చేసి చూశారు. 1990ల చివర్లో పరీక్ష తప్పిన మూడు, ఆరు, ఎనిమిది తరగతుల పిల్లల్ని ఆపారు. వాళ్లు హైస్కూలు పూర్తిచేశారో లేదో జాకబ్, లెఫ్‌గ్రెన్ అనే ఆర్థికవేత్తలు లెక్కతీసి 2009లో ప్రచురించారు. ఆరులో ఆగినవాళ్లకు పెద్ద తేడా పడలేదు. ఎనిమిదిలో ఆగినవాళ్లు మాత్రం చదువు మానేయడం పెరిగింది. ఎనిమిదే! మనవాళ్లు ఏరికోరి పట్టుకున్న తరగతి.

పది పాసంటే మా బోధన్ వైపు ఏమిటో గల్ఫ్‌కు పోయిన ఏ ఇంట్లోనైనా అడగండి. పది మెమో చూపిస్తే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడదు. ఆ ముద్ర ఉన్నవాడు పనికోసం విమానం ఎక్కాలంటే సర్కారు అనుమతి తెచ్చుకోవాలి, దానికి ఏజెంటు చుట్టూ తిరగాలి. షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఇక్కడే ఏదో పని దొరుకుతుందన్న ధీమా కూడా పోయింది. ఇలాంటి చోట పిల్లను పదికి రెండు మెట్ల కిందే ఆపేస్తారా?

ఆ 2019 సవరణలోనే ఒక మంచి ముక్కుంది: మళ్లీ పరీక్ష పెట్టేలోపు తప్పిన పిల్లకు అదనంగా పాఠం చెప్పాలి. అది అమలు చెయ్యండి, ఆపడం వదిలెయ్యండి. వేసవిలో టీచరుకు జీతమిచ్చి బడి తెరిచి ఉంచండి. చదవడం రాని పిల్లను ఎనిమిది దాకా చూడకుండా మూడులోనే పట్టుకోండి. లెక్కల సారే లేని బడిలో లెక్కలు తప్పిందని పిల్లను ఆపుతామనేవాళ్లు ముందు ఆ సారును పంపండి.