ఆరుగురు కూలీల కోసం లండన్ కదిలింది

ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఊళ్ళల్లో ఈ మాట ఎత్తితే కూలీలు మమ్మల్ని నిలదీస్తున్నారు: “వాళ్ళ గంటలతో మనకేం పని? మన కూలి సంగతి చూడండి.”

అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఇంగ్లండు కూలీల చరిత్రలో ఉంది.

అక్కడ భూస్వాములు ఉమ్మడి బీళ్ళకు కంచెలు వేసుకుని పేదల్ని కూలికి నెట్టారు. పొలాల్లోకి నూర్పిడి యంత్రాలొచ్చాయి. చలికాలం పని పోయిందన్న కడుపుమంటతో 1830లో కూలీలు వాటిని విరగ్గొట్టారు. ప్రభుత్వం కొందరిని ఉరితీసింది, వందల మందిని ద్వీపాంతరం పంపింది.

ఆ తర్వాత టోల్‌పడిల్ అనే ఊళ్ళో కూలి వారానికి 9 షిల్లింగుల నుంచి 7కు దిగజారింది, 6 చేస్తామన్నారు. కూలీలు సంఘం పెట్టుకున్నారు. సంఘం పెట్టడం అప్పటికి నేరం కాదు. అందుకని నావికుల తిరుగుబాటు నాడు, 1797లో, రహస్య ప్రమాణాల మీద తెచ్చిన చట్టాన్ని తవ్వితీశారు. 1834లో ఆరుగురికి ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేసి ఆస్ట్రేలియా ఓడ ఎక్కించారు.

అప్పుడు కదిలింది ఎవరు? పట్నం కార్మికులు! ఆ ఏప్రిల్‌లో లండన్‌లో వేలాదిమంది ఊరేగారు. చందాలేసి ఆ కుటుంబాలను సాకారు. 1836లో సర్కారు శిక్ష రద్దు చేయక తప్పలేదు.

అదే కార్మికవర్గం పని గంటల కోసం పోరాడింది. లాభమంతా చివరి గంటలోనే పుడుతుందని 1837లో సీనియర్ అనే ఆర్థికవేత్త మిల్లు యజమానుల పక్షాన వాదించాడు. అయినా 1847లో బట్టల మిల్లుల్లో స్త్రీలకు, పద్దెనిమిదేళ్ళలోపు వారికి పది గంటల చట్టం వచ్చింది. మిల్లులేమీ మూతపడలేదు. ఇది కార్మికవర్గ అర్థశాస్త్రం సాధించిన విజయమని 1864లో మార్క్స్ అన్నాడు.

పది గంటలు ఆనాడు ముందడుగు. ఈనాడు వెనకడుగు. పెట్టుబడులు రావాలంటే తప్పదంటున్నారు. సీనియర్ పాటే మళ్ళీ పాడుతున్నారు!

ఇక మన డెల్టా చూడండి. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలువ పారింది, భూమి ఉన్నవాడి గాదె నిండింది. నాటిన చేతులకు, కోసిన చేతులకు మాత్రం కూలే మిగిలింది. ఇప్పుడు వరికోత మిషన్లొచ్చి ఆ కోత పని కూడా తగ్గింది. అందుకే తల్లి నాట్లకు పోతుంటే కొడుకు బెజవాడ ఆటోనగర్ షెడ్డుకు పోతున్నాడు. ఫ్యాక్టరీలోనే గంటలు పెరిగితే షెడ్డులో యజమానిని అడిగే నోరెవరికుంటుంది?

మిషన్ను తిట్టి లాభం లేదు. అది ఎవరి చేతిలో ఉంది, మిగిలిన పొద్దు ఎవరికి దక్కుతోంది అన్నదే అసలు తగాదా. సోషలిజం అడిగే ప్రశ్న అదే.

కాబట్టి అన్నలారా, అక్కలారా! పట్నంలో కార్మికులు గంటల కోసం జెండా పడితే మనం ట్రాక్టర్లెక్కి వెళ్ళాలి. మన కూలి పోరాటానికి వాళ్ళను ఊళ్ళోకి పిలవాలి. లండన్ కార్మికులు ఆ ఆరుగురి ముఖాలు చూసి కదల్లేదు. మనం మన బిడ్డల కోసమన్నా కదలొద్దా?