పారబోసే ముందు

"ఏం వదినగారూ, పింఛను చాలడం లేదా ఏమిటి?"

కిందటి ఏడు మా వీధి మలుపులో ఒక ఎరిగినావిడ నవ్వుతూ నన్ను అడిగిన ప్రశ్న యిది. అప్పుడు నా చేతిలో వున్నది ఓ గోనెసంచీ. అందులో వున్నవి మా యింటి ముందు రాలిన వేపాకులూ, కానుగాకులూను. నేనూ నవ్వేశాను గాని, ఇంటికి వచ్చాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే వుంది. పొదుపు చేసేవాళ్ళంతా లేనివాళ్ళేనా? లేకపోతే పిసినారులేనా?

మాది తార్నాకలో పాత యిల్లు. రోజూ పొద్దున్నే నేనూ, మావారూ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి నడకకు వెళ్తాం. 1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్సు కాలేజీ గులాబీరంగు రాతిగోడల మీద తొలి ఎండ పడుతుంటే చూడడానికి టిక్కెట్టు అక్కర్లేదు. చెట్లమీద పిట్టల కచేరీకీ చందా లేదు. ఇంటికి వచ్చాక పెరట్లో కరివేపాకు రెబ్బ తుంచి పోపులో వేస్తే వచ్చే ఆ వాసనను ఏ కొట్లో అమ్ముతారు చెప్పండి?

రాలిన ఆకులతో నేను చేసేది బ్రహ్మవిద్యేమీ కాదు. అడుగునా, పక్కలా చిల్లులున్న పెద్ద మట్టికుండ ఒకటి చాలును. కూరల తొక్కలూ, వాడిన పువ్వులూ, వడకట్టిన టీపొడీ ఒక పాలు వేస్తే, ఎండుటాకులు రెండు పాళ్ళు వేయాలి. వారానికి రెండుసార్లు కర్రతో కలియబెట్టాలి. కంపు కొట్టిందంటే తడి ఎక్కువై గాలి ఆడడం లేదని అర్థం. మరో నాలుగు గుప్పిళ్ళ ఎండుటాకులు వేస్తే సరి. రెండు మూడు నెలల్లో నల్లని మట్టివాసన వేసే ఎరువు తయారవుతుంది. వండిన అన్నం, నూనె కూరలు మాత్రం వేయకండి. ఎలుకలు వస్తాయి.

ఆ ఎరువుతోనే నా తోటకూర, గోంగూర, గంగవాయిలి కూర పెరుగుతున్నాయి. మా పేటలోనే జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. ఆకుకూరల విలువ చెప్పే శాస్త్రజ్ఞులు పక్కనే వుండగా, మనం వాటిని పేదవాళ్ళ కూరగా చూస్తే ఎలా? ఒక్క చిట్కా చెబుతాను: ఆకుకూర వడ్డించేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగారో, ఆ లాభం కాస్తా తగ్గిపోతుంది.

బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు మొక్కలకే పోస్తాను. సబ్బునీళ్ళు మాత్రం ఆకుకూరల దగ్గరికి రానివ్వను.

ఇదంతా విని నేనేదో గొప్ప గృహిణినని అనుకోకండి. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

కిందటి వేసవిలో నా నడుం పట్టేసింది. పది రోజులు మంచం దిగలేదు. ఆకులు ఊడ్చేవారు లేరు, నీళ్ళు మోసేవారు లేరు. మా అబ్బాయి నా అవస్థ చూసి, "అమ్మా, నీకెందుకీ చాకిరీ? పెరడంతా సిమెంటు చేయించేద్దాం. ఊడ్చుకోవడం తేలిక, కారూ పెట్టుకోవచ్చు" అన్నాడు. మావారు, "అవునే, ఆకుకూర కట్ట ఎంత, కొనుక్కుందాం" అన్నారు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. అయినా నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మంచంమీద పడుకుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్ళూ ఇల్లంతా పొదుపు చేస్తోందనుకున్నాను. నిజానికి ఆ పొదుపు నా ఒక్కదాని నడుంమీద నడుస్తోంది! తినడానికి నలుగురం, మోయడానికి ఒక్కతెను. అది పొదుపు ఎలా అవుతుంది? డబ్బు మిగిల్చి మనిషిని ఖర్చు పెట్టడం అవుతుంది.

అందుకని కాగితం, కలం అడిగి లెక్క రాసి అబ్బాయికి చూపించాను. మన ఊళ్ళో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మా డాబా 100 చదరపు మీటర్లు. అంటే ఏడాదికి 80,000 లీటర్లు. పావువంతు వృథా పోయినా 60,000 మిగులుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున, నలుగురికి మూడు నెలల పైచిలుకు వాడకం అది! 1908 మూసీ వరద తర్వాత పెద్దలు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టించారు. ఇవాళ కృష్ణ, గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి మన కుళాయిలోకి వస్తున్నాయి. అంత దూరంనుంచి నీళ్ళు తెప్పించుకుంటూ, నెత్తిమీద పడిన వానను సిమెంటు వేసి కాలవలోకి తోలేద్దామా?

అబ్బాయి మాట్లాడలేదు. మర్నాడు మేస్త్రీని పిలిచాడు గాని, సిమెంటుకు కాదు. నడిచే దారి మటుకు షాబాదు బండలు, సందుల్లో మట్టి వుండేలా పరిపించాడు. డాబా గొట్టం కింద గొయ్యి తవ్వించి రాళ్ళు, కంకర, ఇసుక వరసగా నింపించాడు. ఎరువు కుండ మావారి వంతు. చెత్త వేరుచేయడం కోడలూ, నేనూ రోజు మార్చి రోజు. నీళ్ళు అబ్బాయి పోస్తాడు. నా వంతుకు కోయడం, వండడమూ మిగిలాయి. ఒక్కోరోజు మావారు కుండ సంగతి మరిచిపోతారు. కంపే ఆయనకు గుర్తు చేస్తుంది, నేను నోరెత్తను!

ఈ వానాకాలం మొదటి జల్లుకు అందరం వసారాలో నిలబడి చూశాం. గొట్టంలోంచి ధార పడుతోంది, గొయ్యి గుటగుటా తాగేస్తోంది. పెరట్లోంచి మట్టివాసన. ఎవరికీ లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.

కాబట్టి సోదరీమణులారా, ఏదైనా పారబోసే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. అలాగే, దాచిపెట్టేముందు ఆ బరువు ఎవరు మోస్తున్నారో కూడా చూడండి.

అన్నట్టు, పింఛను సంగతి అడిగిన ఆవిడ నిన్న మా గేటు దగ్గర ఆగింది. "ఆ గంగవాయిలి కూర నారు రెండు మొక్కలు ఇస్తారా వదినగారూ?" అంది. నారుతోపాటు గుప్పెడు ఎరువు కూడా పొట్లం కట్టి యిచ్చాను.